కరాచీ నుండి జుహూకు

భూపటమును బల్లపై పరచి, రెండు ఊళ్ల నడుమ కొలబద్ద నుంచి, ఇంత దూరమని చెప్పుట ఎవ్వరికైనను సులభమే. ఆ దూరము నిన్న ఎంతయో నేడును అంతయే. కాని ఆ దూరమును దాటుటకు ఎంతకాలము పట్టునని అడిగినచో సమాధానము అంత తేలికగా దొరకదు. గాలి ఎటు వీచుచున్నది? నడుమ ఎక్కడ దిగవలెను? దిగినచోట పెట్రోలు సిద్ధముగా ఉన్నదా? బయలుదేరవలసినవాడు వేళకు లేచెనా? వీనికన్నిటికిని జవాబు తెలిసిన పిదపగాని ప్రయాణకాలము తేలదు. ఈ లెక్కను యౌవనము నుండి వార్ధక్యము వరకు విసుగులేక వేయుచు వచ్చిన ఒక మహనీయుని చరిత్రము మనమిప్పుడు తెలిసికొందము.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా 1904వ సంవత్సరము జూలై 29వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. లోకమంతయు ఆయనను జె.ఆర్.డి. అనియే పిలిచెను. తండ్రి రతన్‌జీ పార్సీ వర్తకుడు. టాటా సంస్థలను నెలకొల్పిన జంషెడ్‌జీకి దగ్గరి బంధువు. తల్లి ఫ్రెంచి వనిత; వివాహానంతరము సూనీ అను పేరు వహించెను. తండ్రి వ్యాపారమును బట్టి కుటుంబము పారిస్ నుండి బొంబాయికి, బొంబాయి నుండి జపాను దేశమునకు, మరల ఫ్రాన్సుకు తిరుగుచుండెను. అందుచే బాలునకు ఒక్కచోట నిలకడగా చదువు సాగలేదు. ఓడలలోను, రైళ్లలోను వారములకొలది గడపిన ఆ బాలునకు దూరమనగా ఏమో పుస్తకములు చెప్పనక్కరలేకపోయెను.

వేసవి దినములలో ఆ కుటుంబము ఉత్తర ఫ్రాన్సున హార్డెలో అను సముద్రతీర గ్రామమున విడిది చేసెడిది. అక్కడనే లూయీ బ్లేరియో అను సాహసికి కూడ ఒక ఇల్లు కలదు. 1909వ సంవత్సరము జూలై 25వ తేదీన ఆయన కలే పట్టణ సమీపమున బయలుదేరి, ఇంగ్లీషు కాలువను గాలిలో దాటి, సుమారు 37 నిమిషములలో డోవరు చేరెను. ఓడపై గంటకు మించి పట్టు దారి అది. ఆ బ్లేరియో విమానములు హార్డెలో ఇసుకపై దిగుచుండగా చూచి మన బాలుడు ముగ్ధుడయ్యెను. పదునైదవ ఏట అక్కడనే ఒక విమానమునెక్కి కొద్దిసేపు ఆకసమున తిరిగివచ్చెను. ఆనాడే తాను వైమానికుడు కావలెనని నిశ్చయించుకొనెను. కాని ఆ కోరిక తీరుటకు మరి పది సంవత్సరములు ఆగవలసివచ్చెను.

ఈ పది సంవత్సరములలో ఆయనకు కష్టములే ఎక్కువ. 1923లో తల్లి మరణించెను. ఒక సంవత్సరము ఫ్రెంచి సైన్యమున పనిచేసి, 1925లో ఆయన భారతదేశమునకు వచ్చి టాటా సంస్థలో చేరెను. మరుసటి యేట తండ్రియు గతించెను. ఇరువదిరెండేండ్లకే తోబుట్టువుల భారము తలపై పడెను. ఇట్లుండగా బొంబాయిలో విమానచోదకుల క్లబ్బు ఒకటి వెలసినది. ఆయన వెంటనే అందు చేరెను. 1929వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన ఆయనకు విమానము నడుపుటకు అనుమతిపత్రము లభించెను. భారతదేశమున ఇచ్చిన అట్టి పత్రములలో దాని సంఖ్య 1. తరువాత తాను పొందిన బిరుదులన్నిటికంటెను ఆ చిన్న పత్రమే తనకు ప్రియమైనదని ఆయన చెప్పుకొనెడివాడు.

1930లో ఆగాఖాన్ ఒక పందెమును ప్రకటించెను. ఇంగ్లాండు, భారతదేశముల నడుమ ఏ దిశనైనను ఒంటరిగా విమానము నడిపి మొట్టమొదట గమ్యము చేరిన భారతీయునకు 500 పౌన్లు బహుమానము. జె.ఆర్.డి. కరాచీ నుండి పడమటికి బయలుదేరెను. ఆస్పీ ఇంజనీరు అను పదునేడేండ్ల యువకుడు ఇంగ్లాండు నుండి తూర్పుగా వచ్చుచుండెను. ఈజిప్టులోని అబూకీరు విమానస్థలమున ఇరువురును కలిసికొనిరి. ఆస్పీ ఇంజనులోని స్పార్కు ప్లగ్గులు పాడై, వేరువి లేక, అతడక్కడ చిక్కుపడి యుండెను. జె.ఆర్.డి. వద్ద అదనపు ప్లగ్గులు కలవు. అడిగినదే తడవుగా వానినిచ్చి, తన దారిని తాను సాగిపోయెను. స్వల్ప వ్యవధి తేడాతో ఆస్పీయే పందెమును గెలిచెను. ఆ యువకుడు తరువాత 1960 నుండి 1964 వరకు భారత వాయుసేనకు అధిపతియై యుండెను. పందెమున కాలమునకు ఎంత విలువయో బాగుగా తెలిసినవాడై యుండియు, ఎదుటివాని ఆటంకమును తన లాభముగా లెక్కింపకపోవుట సామాన్య విషయము కాదు. ఓడిపోయినందుకు ఆయన చింతించినట్లు ఎక్కడను కానరాదు.

ఇక మన కథలోని ప్రధాన ఘట్టమునకు వత్తము. ఆ కాలమున ఇంగ్లాండు నుండి కరాచీ వరకు విమానముపై టపా వచ్చుచుండెను. 1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అను ఆంగ్ల సంస్థ ఆ మార్గమును ప్రారంభించినది. అయితే కరాచీ చేరిన ఉత్తరములు అక్కడ నుండి బొంబాయికి, మద్రాసుకు రైలుపై చుట్టుతిరిగి రావలసినదే. వేల మైళ్లు గాలిలో వేగముగా వచ్చిన ఉత్తరము చివరి దారిలో దినములకొలది నిలువవలసి వచ్చుచుండెను. ఈ లోపమును గుర్తించినవాడు నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు. పూర్వము బ్రిటిషు వాయుసేనలో పనిచేసినవాడు. కరాచీ నుండి బొంబాయి మీదుగా మద్రాసునకు చిన్న విమానములపై టపా మోయవచ్చునని ఆయన 1929లో ఒక ఆలోచనతో జె.ఆర్.డి. వద్దకు వచ్చెను.

టాటా సంస్థకు అప్పటి పెద్ద సర్ దొరాబ్‌జీ టాటా. వృద్ధుడు, వ్యాధిగ్రస్తుడు, ఈ గాలి వ్యాపారముపై ఆయనకు నమ్మకము లేదు. జాన్ పీటర్సన్ అను ఉన్నతోద్యోగి నచ్చజెప్పగా ఎట్టకేలకు 2 లక్షల రూపాయల పెట్టుబడికి సమ్మతించెను. ప్రభుత్వము మాత్రము సహాయధనము ఇయ్యనని చెప్పెను. మోసిన టపా బరువును బట్టి కూలి ముట్టును. అంతకు మించి ఒక్క కాసు రాదు. ఉత్తర ప్రత్యుత్తరములలో మూడేండ్లు గడచిన పిదప 1932 ఏప్రిల్ మాసమున ఒడంబడిక కుదిరెను. ఆ జూన్ నెలలో దొరాబ్‌జీ కన్నుమూసెను. తాను సందేహించుచునే సెలవిచ్చిన విమానము ఎగురుట ఆయన చూడలేదు.

ఆ సంస్థ ఆస్తి ఎంతయనుకొన్నారు? పుస్ మాత్ అను రెండు చిన్న విమానములు, జుహూ తీరమున తాటాకుల కప్పుగల ఒక పాక, ఇద్దరు ముగ్గురు చోదకులు, కొందరు మరమ్మతు పనివారు. ఇంతే. పుస్ మాత్ విమానమునకు ఒకే ఇంజను. రెక్కలు కొయ్యతో చేసి పైన గుడ్డ కప్పినవి. దాని వేగము గంటకు సుమారు 100 మైళ్లు, అనగా 160 కిలోమీటర్లు. విమానములో రేడియో లేదు. దారిలో చోదకునకు త్రోవ చూపు సాధనము ఏదియు నేలపై లేదు. బొంబాయిలో సరియైన విమానాశ్రయము సైతము లేదు. జుహూ వద్ద సముద్రపుటొడ్డున ఎండిన బురదనేలయే దిగుచోటు. వానకాలమున పోటు వచ్చినపుడు ఆ నేల నీటిలో మునిగిపోవును. అందుచే ఆ మాసములలో పూనా నుండి నడుపవలసివచ్చెను.

1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ. ఉదయము 6 గంటల 35 నిమిషములు. కరాచీలోని ద్రిగ్ రోడ్డు విమానస్థలము. ఇరువది యెనిమిదేండ్ల జె.ఆర్.డి. ఒంటరిగా పుస్ మాత్‌లో కూర్చుండెను. కండ్లకు గాలి అద్దములు. చేత లెక్కలు కట్టుటకు ఒక స్లైడు రూలు. గణనయంత్రములు లేని ఆ దినములలో ఇంజనీర్లు ఈ జరుగు కొలబద్దతోనే గుణకార భాగహారములు చేసెడివారు. వెనుక టపా సంచి. దాని బరువు సుమారు 25 కిలోలు. బడికి పోవు పిల్లలు ముగ్గురు నలుగురి పుస్తకముల సంచులు కలిపినచో అంతటి బరువుండును. అంత స్వల్పమైన సరకు కొరకు ఒక నిండు ప్రాణము గాలిలోనికి లేచినది.

ఇప్పుడు మనము పటమును తీయుదము. నేను పాఠము చెప్పిన కాలమున విద్యార్థులచేత ఈ దారిని దారముతో కొలిపించెడివాడను. కంటితో చూచిన దూరము వేరు, వ్రేలితో కొలిచిన దూరము వేరు. కరాచీ నుండి బొంబాయికి సరళరేఖ గీచినచో దాని పొడవు సుమారు 870 కిలోమీటర్లు. కాని జె.ఆర్.డి. ఆ రేఖపై పోలేదు. పెట్రోలు కొరకు అహమ్మదాబాదులో దిగవలెను. కరాచీ నుండి అహమ్మదాబాదు సుమారు 590 కిలోమీటర్లు. అక్కడ నుండి జుహూ సుమారు 440. మొత్తము 1,030. నేరుదారి కంటె 160 కిలోమీటర్లు అధికము. గంటకు 160 చొప్పున పోవు విమానమునకు ఇది ఒక గంట అదనపు ప్రయాణమన్నమాట.

మొదటి భాగమే కఠినమైనది. ఆ రేఖ కచ్చ్ రణ్ణము అను విశాలమైన ఉప్పునేలల మీదుగా పోవును. క్రింద ఊరు లేదు, చెట్టు లేదు, రైలుపట్టా లేదు. అట్టిచోట చోదకునకు దిక్సూచి, గడియారము రెండే ఆధారములు. ఇంత వేగమున, ఈ దిక్కుగా, ఇన్ని నిమిషములు పోతిని గావున ఇప్పుడు ఇక్కడ ఉండవలెనని లెక్క వేసికొనవలెను. గాలి ఆ లెక్కను చెడగొట్టును. గాలి లేనిచో 590 కిలోమీటర్లకు 3 గంటల 41 నిమిషములు పట్టును. గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినదనుకొందము. అప్పుడు నేలపై విమానము కదలు వేగము 130 మాత్రమే. కాలము 4 గంటల 32 నిమిషములగును. అదే గాలి వెనుక నుండి వీచినచో 3 గంటల 6 నిమిషములలో చేరవచ్చును. పటముపై దూరము ఇసుమంతయు మారకపోయినను గాలి మూలమున దాదాపు గంటన్నర తేడా వచ్చినది. పెట్రోలు తొట్టి పరిమాణము మారదు గదా! ఆ గంటన్నరలోనే చోదకుని ప్రాణము ఉండును.

అహమ్మదాబాదులో ఆయన దిగునప్పటికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిపై వచ్చి సిద్ధముగా ఉండెను. ఒక్కొక్క డబ్బాలో నాలుగు గ్యాలనులు, అనగా సుమారు 18 లీటర్లు. గాలిలో గంటకు నూరు మైళ్లు పోవు యంత్రమునకు గంటకు రెండు మైళ్లు నడచు ఎడ్లు ఆహారము తెచ్చినవి. డబ్బాలలోని పెట్రోలును తొట్టిలో నింపుకొని జె.ఆర్.డి. మరల లేచెను. మధ్యాహ్నము 1 గంట 50 నిమిషములకు జుహూ బురదనేలపై దిగెను. బయలుదేరినది మొదలు దిగువరకు 7 గంటల 15 నిమిషములు. 1,030 కిలోమీటర్లను గంటకు 160 చొప్పున భాగించినచో 6 గంటల 26 నిమిషములు వచ్చును. మిగిలిన 49 నిమిషములు ఎడ్లబండికిని, గాలికిని చెల్లిన సుంకము. ఆ సుంకమును తగ్గించుటకే ఆయన తరువాతి జీవితమంతయు పాటుపడెను.

బొంబాయి టపాను దింపి, మిగిలినదానిని విన్సెంట్ వేరొక పుస్ మాత్‌లోనికి ఎక్కించుకొని ఆనాడే బళ్లారికి బయలుదేరెను. బళ్లారి అప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లా కేంద్రము. తెలుగు, కన్నడము రెండును వాడుకలోనున్న పట్టణము. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు అది మైసూరు రాష్ట్రమున చేరినది. విన్సెంట్ ఆ రాత్రి బళ్లారిలో గడపి మరునాడు మద్రాసు చేరెను. బళ్లారి నుండి మద్రాసునకు పటముపై గీత గీచినచో అది అనంతపురము, కడప, చిత్తూరు సీమల మీదుగా కదిరి, తిరుపతి సమీపమునకు వచ్చును. రైలుకూతనే వింతగా వినుచుండిన ఎన్నియో పల్లెలు ఆ గీత క్రిందనుండెను.

మొదటి సంవత్సరమున ఆ సంస్థ విమానములు 1,60,000 మైళ్లు తిరిగినవి. 155 మంది ప్రయాణికులను తీసికొనిపోయినవి. 60,000 రూపాయల లాభము వచ్చినది. వీనికంటె గొప్ప విషయము మరియొకటి కలదు. పడమటి కనుమలపై కుంభవృష్టి కురియు మాసములలో సైతము, మద్రాసు నుండి గాని బొంబాయి నుండి గాని బయలుదేరిన టపా కరాచీలో ఇంగ్లాండు విమానమును ఒక్కసారియు తప్పలేదు. పౌరవిమానయాన శాఖవారు తమ నివేదికలో ఈ సంస్థను ఇతరులకు ఆదర్శముగా పేర్కొనిరి.

తరువాత మార్గములు పెరిగినవి. 1935లో తిరువనంతపురమునకు, 1937లో ఢిల్లీకి విమానములు నడచెను. 1938లో జె.ఆర్.డి. టాటా సంస్థలన్నిటికిని అధ్యక్షుడయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 34. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున, 1942లో, విన్సెంట్ ఇంగ్లాండు నుండి విమానముపై వచ్చుచు మృతిచెందెను. ఆ మిత్రుడు లేనిదే తన విమానసంస్థ లేదని జె.ఆర్.డి. చివరివరకు అనుచుండెడివాడు. 1946లో ఆ సంస్థకు ఎయిర్ ఇండియా అను పేరు వచ్చెను. 1948 జూన్ 8వ తేదీన మలబార్ ప్రిన్సెస్ అను పెద్ద విమానము బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు బయలుదేరెను. 25 కిలోల టపాసంచితో ఆరంభమైన పని పదునారేండ్లలో అంతదూరము పోయినది.

1953లో ప్రభుత్వము విమానసంస్థలన్నిటిని జాతీయము చేసెను. జె.ఆర్.డి. దానిని వ్యతిరేకించెను, తనతో సరిగా సంప్రదింపలేదని నొచ్చుకొనెను. అయినను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ కోరగా ఎయిర్ ఇండియాకు అధ్యక్షుడుగా ఉండుటకు సమ్మతించెను. తన చేతి నుండి జారిపోయినదానిని తనదియే అన్నట్లు పాతికేండ్లు సాకెను. ప్రయాణము చేసినపుడెల్ల చిన్న కాగితములపై లోపములను వ్రాసికొని వచ్చెడివాడు. తేనీరు మరీ నల్లగా నున్నది. ఈ తెర ముడుతపడినది. ఈ బల్లపై దుమ్మున్నది. దుమ్ము కనబడినచో తానే తుడిచెడివాడట. క్రింది ఉద్యోగులకు ఇది చాదస్తముగా తోచియుండవచ్చును. కొంత చాదస్తమే కూడ. కాని ఆ దినములలో జెనీవా పౌరులు ఎయిర్ ఇండియా విమానము దిగుట చూచి తమ గడియారములను సరిచేసికొనెడివారని ఒక వేడుక కథ ప్రచారములో నుండెను. గడియారములకు ప్రసిద్ధికెక్కిన దేశమున అట్టి కథ పుట్టుట సామాన్యము కాదు.

1978 ఫిబ్రవరి మాసమున నాటి ప్రభుత్వము ఆయనను ఆ పదవి నుండి తొలగించెను. ముందుగా ఆయనతో ఒక్క మాటయైనను చెప్పలేదు. ఆ సంగతి ఇతరుల వలన ఆయనకు తెలియవచ్చెను. డెబ్బది మూడేండ్ల వృద్ధునకు, తాను పుట్టించి పెంచిన సంస్థ విషయమున, ఇట్లు జరుగుట ఏ విధముగ చూచినను మర్యాద కాదు. ఆయన మిక్కిలి బాధపడెను. 1980లో మరియొక ప్రభుత్వము ఆయనను ఆ సంస్థ పాలకవర్గమున సభ్యునిగా తిరిగి తీసికొనెను.

మొదటి ప్రయాణమునకు 1982వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీతో ఏబది యేండ్లు నిండినవి. ఆనాడు జె.ఆర్.డి. మరల కరాచీకి పోయెను. నడుమ 1947లో దేశవిభజన జరిగి, కరాచీ పాకిస్తానున చేరి, ఆ దారికి అడ్డముగా ఒక సరిహద్దు వెలసియున్నది. ఆయనకు 78 ఏండ్లు. జెట్ విమానములు అహమ్మదాబాదు నుండి బొంబాయికి గంటలోపల వచ్చుచున్న కాలమది. ఆయన ఎన్నుకొన్నది మాత్రము లెపర్డ్ మాత్ అను పాత విమానము. పుస్ మాత్‌కు తోబుట్టువు వంటిది. యువజనులలో నిరుత్సాహము పెరుగుచున్నదని, వారికి ఒక పాతకాలపు ఉత్సాహమును చూపవలెనని ఆయన తలంపు. ఆప్తులు వలదనియుందురు; ఆయన వినలేదు. ఒంటరిగా ఆ చిన్న విమానములో కూర్చుండి, అదే అహమ్మదాబాదు మీదుగా వచ్చి, సాయంసమయమునకు జుహూలో దిగెను. ఆయనను చూచుటకు వచ్చిన జనముతో ఆ మైదానము నిండియుండెను.

1992లో భారత ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదమిచ్చి గౌరవించెను. 1993 నవంబరు 29వ తేదీన ఆయన జెనీవా నగరమున కన్నుమూసెను. పుట్టిన పారిస్ నగరముననే ఆయనను సమాధి చేసిరి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మరల టాటా సంస్థకు చేరెను. ద్రిగ్ రోడ్డు విమానస్థలము నేడు పాకిస్తాను వాయుసేనకు స్థావరము. జుహూ మైదానమున హెలికాప్టర్లును, చిన్న విమానములును దిగుచున్నవి.